ఉప్పు కొఠారులో మార్నింగ్ షో

హలో… ఆఁ, నేనే మే. ఆనందనే…

ఆనందకుమారిని. నా గొంతుకేమయింది?… జలుబు. జలుబు చేసింది, అందుకే ముసిలిదాని మాదిరి ఉండాది.

వనజా… వనజాక్షీ! నువ్వేనా మే? యాడుండావు?

ఏ షోకి?… మార్నింగ్ షోకా.

ఆఁ… ఆఁ, వస్తా ఉండా. బయల్దేరినా. ఫోన్ మాత్రం పెట్టేయబాకు. చెవి కాడే పెట్టుకోనుండు, ఒక్క నిమిషం.

(క్యాథరిన్! అమ్మా, ఇట్రా తొందరగా. వనజత్త! అవును, తనే చేసింది. నీ ఫోన్లో హజరత్తయ్యకి కొట్టు. వాళ్లమ్మ బతికే ఉండాది, నాతో మాట్లాడతా ఉండాదని చెప్పు. తెల్లారినకాడ్నించి అల్లూరంతా ఎతుకుతా ఉండాడు పాపం. మెల్లిగా మాట్లాడమ్మా, ఆమెకి వినపడకూడదు.)

ఆఁ, ఉండా, ఉండా… ఎవురితోనా? మా కోడలు… కాదులే. పక్కింటామె. పెళ్లే కాలేదు, నాకు కోడలెక్కడిది? నవ్వినావా… నవ్వు. నవ్వు మే.

నువ్వు నిలబడ్డచోటు చెప్పు, నేరుగా ఆడికే వస్తా… టాకీసు బయట. సరే. బయటేముంది?… ఒక్కరూ లేరా. టికెట్టు ఇచ్చేవాడూ లేడా…

ఆడికెట్టా పోయినావు?… ఆటోలోనా. ఎవురి ఆటో?… దించేసి ఎల్లిపోయినాడా.

(ఆటో ఎక్కిందంటమ్మా. అందుకే ఊళ్లో దొరకలా. హజరత్తయ్యని ఊళ్లో ఎతకొద్దను… ఏందీ? నేను చెప్తే ఇంటికి పోదా అంటావా? ఇంటికి పో అన్నానంటే ఫోన్ పెట్టేస్తది. పోయినసారి అట్నే చేసింది. ఆమెకిప్పుడు కాలేజీ రోజులు నడస్తా ఉండాయి. పెళ్లి లేదు, కొడుకు లేడు. ఇంట్లో తిరిగే హజరత్తయ్య ఎవురో దొంగ, తనని పెట్టి తాళమేసినాడని భయపడతా ఉండాది. ఆమె లెక్కలో మనమెవురమూ ఇంకా పుట్టలేదమ్మా, నేనొక్కదాన్నే ఉండా.)

వనజా, ఉండావా?… వస్తా ఉండాననే గదా చెప్పినా. బస్సు రాలేదు మే. కోప్పడబాకు.

సినిమా ఎవురిది చెప్పు… గ్రెగరీ పెక్కా? అబ్బో… ఏంది, ఆయనొద్దా? తెలుసులే నీ సంగతి. కాలేజీలో ఆడపిల్లలంతా పెక్ పొడుగు, పెక్ గొంతు అని చస్తా ఉంటే, నువ్వు ఆయనకి తలుపు తీసి పక్కకి జరిగేవాడి గురించి చెప్తావు. హీరో వంక చూస్తావా ఎప్పుడైనా? నీకు ఎనకాల నిలబడేవాళ్లే కావాల.

మరి ఎవురుండారు ఈ సినిమాలో?…

ఎలీషానా! మన ఎలైషా కుక్ ఉండాడా!… ఆఁ, వాడే, పొట్టోడు. కండ్లు ఇంతింత చేసుకోని బెదురు బెదురుగా చూస్తాడే. ఎలీషా అంటే మా బైబిల్లో ప్రవక్త పేరని నేను చెప్తే, ప్రవక్తయ్యుండి పిస్తోలు పట్టుకుంటాడేందని నువ్వు నవ్విందానివి…

అవును, టైటిల్సులోనే చదివినాం. నువ్వు ఎడమ పక్క పేర్లు, నేను కుడి పక్కవి. చదివేలోపల పోతాయి గదా అవి. బయటికొచ్చినాక ఎవురు ఎన్ని పట్టుకున్నామో చూసుకునేది… నువ్వే. ఎప్పుడూ నువ్వే గెలిచేది.

ఆఁ… వాణ్ణి చంపేస్తారు. ఏ సినిమాలో వదిలిపెట్టినారు గనక… ఏడవబాకు. ఇంకా మొదులే కాలేదు గదా మే సినిమా. ఇంకా బతికే ఉండాడు వాడు.

నీ చుట్టూ ఏముందో చెప్పు. నేను దోవ తప్పిపోతానేమో.

ఏందీ?…

మంచా?

మంచు కురిసిందా వనజా? ఇంగిలీషు సినిమాలో మాదిరా… కుప్పలు కుప్పలుగా ఉండాదా. తెల్లగా. కండ్లు చెదిరిపోతా ఉండాయా.

(మంచంట క్యాథరిన్. మే నెల్లో, ఈ ఎండలో. నాకేం తోచలేదమ్మా. ఏమి చూసి మంచనుకుంటా ఉండాదో… ఉండు, ఉండు.)

వనజా, ఆ మంచు ఒక్కసారి ముట్టుకో. చల్లగా ఉందా?… కాల్తా ఉందా. సరే. రవ్వంత తీసి నాలిక మీద ఏసుకో… ఎవురూ చూడరులే. నేను చెప్తా ఉండా గదా, ఏసుకో… ఆఁ?

ఉప్పగా!

(ఉప్పు కుప్పలు! ఉప్పు కొఠారులో ఉండాదమ్మా! చెప్పు ఆ అబ్బాయికి. ఇసకపల్లి దోవలో ఉప్పు కొఠార్లు ఉండాయే, ఆడికి పొమ్మను. నీళ్లు తీసకపొమ్మను… ఏమంటాడు?… కొఠార్లు చూపు ఆననంత దూరం ఉంటాయా. యాడని ఎతికేది అంటాడా. కనుక్కుంటా, నేను కనుక్కుంటా. వాణ్ణి ముందు బయల్దేరమను.)

ఆఁ, వనజా. మంచే, మంచే. ఉప్పేసి చేస్తారంట సినిమావాళ్లు, తెల్లగా కనపడాలని… అందుకే అట్టుండాది. ఆ కుప్పలు కాక ఇంకేముంది? ఇల్లుందా, చెట్టుందా?…

పెంకుల షెడ్డు. దాంట్లో ఎవురన్నా ఉండారా? పిలువు… పలకడం లేదా. ఎండకి పనోళ్లంతా ఇంటికి పోయినట్టుండారు. షెడ్డులోకి పో మే, నీడలో నిలబడు… తాళమేసుందా. ఎనక పక్కన్నా కాస్త నీడ ఉంటది, చూడు… లేదా. నడినెత్తిన ఉండాడు సూర్యుడు.

ఇంకా?… పడవ. తిరగేసిన పడవ, పచ్చ రంగు. ఇంకా?… కాలవ. కాలవ పక్కనే ఉండావా నువ్వు?

(పెంకుల షెడ్డు, కాలవ గట్టు, తిరగేసిన పచ్చ పడవ. రాసుకోబాకమ్మా, చెప్పు, చెప్పేయి!)

కాళ్లా?… చెప్పులేవి?… చెప్పుల్లేకుండా వచ్చినావా. అయ్యో మే. కాల్తా ఉండాయా. చీర కొంగు కింద పరుచుకోని దానిమీద నిలబడు… సిగ్గేంది, ఎవురున్నారు ఆడ? నిలబడు.

దాహమా… వస్తా ఉండా గదా, సోడా తెస్తా. గోళీసోడా. రెండు తెస్తా. ఆ కాలవ నీళ్లు మాత్రం తాగబాకు. ఉప్పు నీళ్లవి.

ఏందా శబ్దం? కీ కీమని… నీ ఫోనేనా? తీసి చూడబాకు, దాన్ని ఏమీ నొక్కబాకు! ఏమీ కాదు. పిట్ట. పిట్ట కూస్తా ఉండాది.

(చార్జింగ్ అయిపోతా ఉండాదమ్మా ఆమె ఫోన్లో. దేవా… యాడిదాకా వచ్చినాడు వాడు?… ఊరు దాటినాడా. బండి మీదేనా?… ఎవుర్నన్నా తోడు తీసుకున్నాడా?… ఒక్కడేనా.)

వనజా?… యాడికి పోతా ఉండావు? నడుస్తా ఉండావు గదా, గాలి వినపడతా ఉండాది నాకు. నిలబడు… షో మొదులైందా? కాలేదు. గంట కొట్టలేదు గదా. గంట కొట్టకుండా మొదులుపెడతారా ఎవురన్నా…

వనజా, నిలబడమంటే! నేను లేకుండా లోపలికి పోబాకు. టికెట్లు నా కాడుండాయి.

నిలబడవా?… సరే పో. నాకేం. నువ్వు మెచ్చుకునే ఆ థెల్మా రిట్టర్ ఉండే సినిమాకి నేను రాను. ఏముందని ఆమెలో? ముసిలి మొగం. పనిమనిషి ఏషాలు. పనిమనిషి ఏషానికి నటించేదేముంది, చీపురిస్తే మా ఈదిలో ఎవురైనా ఊడుస్తారు…

ఏందీ?… ఏందంటా ఉండావు?… ఆఁ, తిట్టు. తిట్టు మే. నిలబడి తిట్టు. నాకేమీ తెలీదు. నేను మొద్దుని…

అవును. ఆరు తడవలు ఆస్కారు పోటీకి పోయింది. ఒక్క తడవ కూడా ఇయ్యలేదు ఆమెకి… న్యాయమేనా అంటే ఏం చెప్పేది. న్యాయం కాదు… ఆఁ, ఆమె గదిలోకొస్తే హీరోయిన్ కనపడదు. ఒప్పుకుంటా ఉండా… ఇంకా చెప్పు. ఆమె చూపు గురించి చెప్పు… కాఫీ కప్పు పెట్టేసి చూసే చూపా? చెప్పు, చెప్పు, వింటా ఉండా…

(నిలబడింది. మాట్లాడతా ఉండాది. క్యాథరిన్, ఆ కుర్చీ ఇట్టా జరుపు.)

ఆఁ, వింటా ఉండా… అవును మే, ఆమెకి ఎవురూ పూలగుత్తి ఇయ్యరు సినిమాలో. అవును… ఇంకొక్క రవ్వసేపు ఓర్చుకో. మీ ఇంటి మనిషి వచ్చేస్తా ఉండాడు, ఈపాటికి…

వనజా?

వనజా, పలుకు… ఎవురూ లేరు! నేనేమనలేదు. ఎవురూ రావడంలేదు. నోరు జారింది నాకు, ఏందో అన్నా. ఆ మనిషికి నేను చెప్పలేదు మే. నిన్ను పట్టిస్తానా నేను? నేను?

పెట్టేయబాకు. నీకు దణ్ణం పెడతా, పెట్టేయబాకు…

హలో… హలో…

తండ్రీ… ఆ బిడ్డ చేతిలో ఫోన్ నిలుపు తండ్రీ… ఒక్క మాట పలికించు…

ఆఁ! ఉండావా! ఉండావు. ఏడుస్తా ఉండావా… ఎవురూ తాళమెయ్యరు. ఇంకెప్పుడూ ఎయ్యరు. నేనెయ్యనిస్తానా.

ఏంది ఆ నీళ్ల చప్పుడు?

కాళ్లు పెట్టినావా కాలవలో… చల్లగా ఉందా. సరే, ఉండనీ, గట్టు మీద కూచోని కాళ్లు పెట్టుకో… కూచోలేదా? ఎంతలోతులో ఉండావు?… మోకాళ్లదాకానా.

(కాలవలో దిగింది. దిగిందమ్మా! యాడుండాడు వాడు?… కాలవ గట్టు ఎక్కినాడా. పచ్చ పడవ కనపడిందా?)

వనజా, ఇంక ముందుకి పోబాకు. ఆడ బురద ఉంటది, లోపలికి లాగేస్తది… నడుముదాకా అయితే ఇంకా చల్లగా ఉంటదా. ఉంటదిలే, కానీ చీరంతా తడిస్తే టాకీసులోకి రానియ్యరు మే. నా మాటిను. ఒక్క అడుగు ఎనక్కెయ్యి…

రావడం లేదా కాలు?… బురదలో ఇరుక్కుందా. గుంజబాకు. పడిపోతావు. అట్నే నిలబడు.

ఏందీ? బండి శబ్దమా?… నాకూ వినపడతా ఉండాది…

(ఆపమను! బండి ఆపేయమను, నడిచి రమ్మను! అమ్మా అని అరవకూడదని చెప్పు. అరిచినాడంటే లోపలికి పోతది. చెప్పమ్మా, ఆ మాట గట్టిగా చెప్పు వాడికి. అమ్మా అనకూడదు.)

బండి ఆగిపోయింది గదా… ఎవురో మనిషా. గట్టు మీదా. చూడు ఎవురో… దొంగ కాదు. దొంగ అట్టా నిలబడతాడా? దూరంగా నిలబడుండాడు గదా. నిన్నేమీ అనడం లేదు గదా.

ఎట్టుండాడో నాకు చెప్పు. హీరో మాదిరుండాడా?… లేడా. పొట్టిగానా. చొక్కా చెమటకి తడిసిపోయుండాదా… చేతులేం చేసుకోవాలో తెలీనట్టు నిలబడుండాడా…

మనోడే మే. మన రకమే. తలుపు తీసి పక్కకి జరిగేవాడు. వాడి పేరు టైటిల్సులో ఆఖర్న వస్తది, నువ్వొక్కదానివే చదువుతావు.

ఏం చేస్తా ఉండాడు?… ఏడుస్తా ఉండాడా.

నీళ్లలోకి దిగినాడా… నీ పక్కకే వస్తా ఉండాడా. ఎనక్కి పోబాకు! వనజా, నా మాటిను. వాడికి ఈత రాదు. నిజంగా రాదు, నాకు తెలుసు వాడి సంగతి. ఈ కాలవలో వాణ్ణి చంపేస్తారు మే. ఎప్పుడూ వాణ్ణే గదా చంపేది. ఎవురూ చూడను కూడా చూడరు. హీరో రాడు వాడికోసం. నువ్వేడుస్తావు, నేను రుమాలిస్తా, సినిమా వాడు లేకుండానే జరిగిపోతది. ఎన్ని సినిమాలు చూసినాం అట్టా…

ఈసారి నువ్వుండావు గదా. చెయ్యియ్యి. నువ్వే బయటికి లాగు వాణ్ణి.

నీ చెయ్యి చాలదా?… చాలుతది. చాలుతది మే. చాపు. ఆ ఫోన్ ఒక చేత్తో పట్టుకో, ఇంకో చెయ్యి చాపు…

పట్టుకున్నాడా?… గట్టిగా?… వదలబాకు. నడువు. గట్టు పక్కకి. బురదలో కాలు వచ్చేసిందా?… వాడు తీసినాడా. సరే, వాడు నీ కాలు తీస్తాడు, నువ్వు వాడి చెయ్యి పట్టుకోనుండు. నడువు…

వనజా… వనజా…

గట్టు మీదా?

ఇద్దురూనా?

స్తోత్రం తండ్రీ… స్తోత్రం… (వచ్చేసింది క్యాథరిన్. గట్టు మీద కూచోనుండారంట ఇద్దురూ. నువ్వేడవబాకమ్మా, నాకూ ఏడుపొస్తది.)

కాపాడినావు మే. నువ్వే కాపాడినావు. బతికినాడు… ఆఁ, పాపం వణకతా ఉండాడా. ఎండలో కూడానా. ఊరకనే వీపు మీద తట్టు… ఆ ఫోన్ ఒకసారి వాడికియ్యి. దోవ అడగతా వాణ్ణి. ఇయ్యి…

హజరత్తయ్యా… ఆఁ, ఆనందత్తనే నాయనా. ముందు ఊపిరి పీల్చుకో… తెలుసు. తెలుసు. మాట్లాడబాకు, ఊపిరి పీల్చుకో.

కాళ్లెట్టుండాయి?… బొబ్బలెక్కినాయా. నీళ్లు తెచ్చినావా? ఒక్కసారిగా తాపబాకు, గుక్క గుక్క తాపు. నీ తువ్వాలు తడిపి తల మీదెయ్యి… వేయించుకుంటా ఉండాదా. మంచిది. అల్లూరు ఆస్పత్రికి తీసకపో, నేనూ క్యాథరిన్ ఆటోలో వచ్చేస్తాం…

ఏంది?… ఎందుకడగతా ఉండాది?… నీ పేరా. చెప్పు. కొడుకునని చెప్పబాకయ్యా, ఇప్పుడొద్దు. ఉత్త పేరు చెప్పు…

చెప్పినావా?… ఏమనింది?…

హజరత్తయ్యా, వినపడడం లేదు. ఏమనిందిరా?…

'మీయమ్మ దర్గాలో మొక్కుకోనిందా బాబూ' అనిందా.

అవునని చెప్పు. చెప్పరా. బిడ్డల్లేక మొక్కుకోనింది, తలంటుకోని, వట్టికాళ్లతో నడిచిపోయింది, పుడితే నీ పేరే పెట్టుకుంటా సామీ అనింది. అప్పుడు పక్కన నేనే ఉండా. నేనెవురినో చెప్పబాకు, నా సంగతి వదిలేయి. మీయమ్మ నడిచిందని మటుకు చెప్పు.

నాకు కాదు నాయనా, ఆమెకి. ఆమె మొగం చూసి చెప్పు. ఏడవకుండా…

చెప్పినావా…

ఊఁ…

ఏమంటా ఉండాది?…

'అయితే నీకోసం మీయమ్మ ఎదురు చూస్తా ఉంటది, ఈ ఎండలో ఒక్కడివే యాడ తిరగతా ఉండావు, పద, నేను తీసకపోయి ఆమెకి అప్పజెప్తా' అంటా ఉండాదా…

పో మరి. పో నాయనా. సరేనమ్మా అను, ఇప్పుడను, అమ్మా అనొచ్చు ఇప్పుడు, అందరినీ అంటారు గదా అట్టా. బండెక్కించు… ఎక్కుతా ఉండాదా? భయపడడం లేదా?… ఫోన్ నీ చేతిలోనే ఉంచు…

ఎక్కిందా?… హలో… హజరత్తయ్యా?… హలో…

(కట్టయిపోయిందమ్మా. చార్జింగ్ అయిపోయినట్టుండాది… ఎక్కింది. కట్టయ్యేలోపలే చెప్పినాడు, వాడి భుజం పట్టుకోని కూచోనిందంట. పడిపోతావు మెల్లిగా పోనీ అంటా ఉండాదంట వాడితో. నా చెప్పులు యాడుండాయో చూడు క్యాథరిన్. ఆటోని పిలువు.)